అడ్డచుట్ట తాగే అమ్మల దగ్గరికి ఎలా వెళ్లాలి? శ్రీకాకుళం వాళ్లు కాస్త చెప్పండి

హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో నోటి క్యాన్సర్ కణాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. రోజంతా మైక్రోస్కోప్‌తోనే సరిపోతుంది. శ్రీకాకుళం తీరంలో ఆడవాళ్లు నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని చుట్ట (అదే అడ్డచుట్ట) కాలుస్తారనీ, ఆ సెగకి అంగిలిలో క్యాన్సర్ వస్తుందనీ పరిశోధన పత్రాల్లో చదివాను. 1971లో వచ్చిన ఒక అధ్యయనంలోనే అక్కడ 10,169 మందిని పరీక్షించారు. అంటే మనవాళ్లకి కొత్త విషయమేం కాదు.

పోయిన నెల ఒక మత్స్యకార గ్రామానికి వెళ్లాను. చేపలు ఎండబెడుతున్న ఒక మామ్మ, చుట్ట నోట్లోంచి తీయకుండానే నాతో మాట్లాడింది. ఉమ్మి నమూనా అడగ్గానే, "మొన్నొచ్చినోల్లూ అట్టుకెల్లారు, మల్లీ అగుపడ్నేదు" అంది. నా దగ్గర జవాబు లేదు. సంతకం పెట్టమని తీసుకెళ్లిన కాగితం కూడా ఇంగ్లీషులో ఉంది, సిగ్గేసింది.

ఈసారి ఖాళీ చేతులతో వెళ్లదలుచుకోలేదు. ముందు ఆశా కార్యకర్తని కలవాలా, ఊరి పెద్దలనా? వేటకి వెళ్లే రోజుల్లో ఆడవాళ్లకి ఏ వేళ తీరిక? నోట్లో తెల్లమచ్చ కనబడితే ఆమెని ఎక్కడికి పంపాలి, బస్సు ఖర్చు, పోయిన కూలి ఎవరిస్తారు? ఇదే నా అసలు టెన్షన్. ఫలితాలు తిరిగి ఊళ్లో చెప్పిన అనుభవం ఎవరికైనా ఉంటే, మాటల్లో ఎలా చెప్పారో రాయండి. మా గైడ్‌కి ఇదంతా టైమ్ వేస్ట్. నాకలా అనిపించట్లేదు.