చాయ్ కొట్టుకి ఎల్ఈడీ నియాన్ బోర్డు: అడాప్టర్ ఎంత? స్ట్రిప్ ఎలా అంటించాలి?

ప్రశ్న: 2 అడుగుల వెడల్పు, 1 అడుగు ఎత్తున్న పారదర్శక అక్రిలిక్ షీట్ మీద "చాయ్" అని తెలుగులో వెలగాలి. 12 వోల్టుల సిలికాన్ నియాన్ ఫ్లెక్స్ (సిలికాన్ తొడుగులో ఎల్ఈడీ బల్బులుండే, వంగే స్ట్రిప్) 5 మీటర్ల చుట్ట ఉంది. ఇన్‌స్టంట్ గమ్‌తో అంటిస్తే పూటకే ఊడిపోతోంది, షీట్ మీద తెల్లటి మసక కూడా వస్తోంది. బోర్డు బయట, చూరు కింద ఉంటుంది. 2 ఆంప్స్ అడాప్టర్ సరిపోతుందా?

జవాబు 1: సిలికాన్‌కి ఆ గమ్ పట్టదండి, హాట్ గ్లూ కూడా అంతే. మసకకు కారణం గమ్ ఆవిరి. న్యూట్రల్ క్యూర్ సిలికాన్ సీలెంట్ వాడి, టేపుతో అదిమి 24 గంటలు వదిలేయండి. వెనిగర్ వాసన వచ్చే రకం మాత్రం వద్దు, అది రాగిని తినేస్తుంది.

అడాప్టర్ లెక్క: చుట్ట మీద మీటరుకి ఎన్ని వాట్లో చూడండి. 8 వాట్లయితే, 3.5 మీటర్లు పడితే 28 వాట్లు, 12 వోల్టులతో భాగిస్తే 2.3 ఆంప్స్. పైన పావు వంతు వెసులుబాటు ఉండాలి కాబట్టి 3 ఆంప్స్‌ది తీసుకోండి. 2 ఆంప్స్‌ది వేడెక్కి మిణుకుమిణుకుమంటుంది.

జవాబు 2: అసలు కష్టం అక్షరాల వంపుల్లో ఉంటుంది. ముందు కాగితం మీద అసలు సైజులో గీసి, గీత వెంబడి దారం పరిచి కొలవండి. ఫ్లెక్స్‌లో మూడేసి బల్బులు ఒక వరుసగా ఉంటాయి కాబట్టి దాని మీద కోత గుర్తు ఉన్నచోటే కోయాలి. మీటరుకి 120 బల్బుల రకంలో అది 2.5 సెం.మీ.కి ఒకటి. మధ్యలో కోస్తే ఆ మూడూ ఆరిపోతాయి. అందుకే గీతల పొడవును 2.5 గుణిజాలకి సర్దుకోండి.

ఫ్లెక్స్ ఒక వైపుకే వంగుతుంది. మెలితిప్పితే లోపలి టంకం విరుగుతుంది. "య" వంపులు బిగుతుగా వస్తే బలవంతంగా వంచకుండా రెండు ముక్కలుగా కోసి ఆనించండి. పొల్లు విడి ముక్కగా వేయండి. గీతల మధ్య కనీసం 2 సెం.మీ. ఖాళీ లేకపోతే రాత్రిపూట వెలుగు కలిసిపోయి అక్షరం ముద్దగా కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: ముక్కలన్నీ ఒకదాని వెనక ఒకటి కలపొచ్చా?

జవాబు 3: వెలుగుతాయి, కానీ ఒక్క టంకం ఊడితే దాని తర్వాతివన్నీ ఆరిపోతాయి. షీట్ వెనక ప్లస్, మైనస్ వైర్లు రెండు లాగి, ప్రతి ముక్కనీ విడిగా వాటికి కలపండి. అంటించే ముందే వెలిగించి చూడండి, ప్లస్ మైనస్ తారుమారైన ముక్క వెలగదు. చుట్ట విప్పకుండా మాత్రం ఎక్కువసేపు వెలిగించకండి, వేడి బయటికి పోదు.

వైరు రంధ్రాలు 3 మి.మీ. చాలు. కింద చెక్క పెట్టి, డ్రిల్ నెమ్మదిగా తిప్పండి, అంచు నుంచి కనీసం 1.5 సెం.మీ. దూరంలో వేయండి, లేకపోతే పగులుతుంది. కోసిన ప్రతి చివరా సీలెంట్‌తో మూసి, వైరుని కిందికి ఒక వంపు వేలాడేలా తిప్పి లోపలికి తీసుకోండి, వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. అడాప్టర్ కొట్టు లోపలే ఉండాలి.