నెట్‌వర్క్ ఐఆర్ ట్రాన్స్‌మిటర్‌తో రిమోట్ బటన్ నొక్కి పట్టుకున్నట్టు చేయడం ఎలా?

ప్రశ్న:

మా అమ్మకి వేళ్ల కీళ్లనొప్పులు. రిమోట్ మీద చిన్న బటన్లు నొక్కి పట్టుకోలేదు. అందుకని టీవీ దగ్గర ఐటాచ్ (నెట్‌వర్క్‌లో వచ్చే కమాండ్లని రిమోట్ వాడే ఐఆర్, అంటే ఇన్‌ఫ్రారెడ్ సంకేతాలుగా పంపే పెట్టె) పెట్టి, టాబ్లెట్‌లో పెద్ద బటన్లు చేసిచ్చాను. ఆన్, ఆఫ్, ఇన్‌పుట్ మార్చడం బాగానే ఉన్నాయి. చిక్కల్లా యాంప్లిఫయర్ వాల్యూమ్‌తో, 5 సెకన్లు పట్టుకుంటేనే తెరుచుకునే సెటప్ మెనూతో. వేలు బటన్ మీద ఉన్నంతసేపు ప్రతి 150 మిల్లీసెకన్లకి ఒక సెండ్‌ఐఆర్ (ఐఆర్ కోడ్ పంపమని ఐటాచ్‌కి చెప్పే కమాండ్) పంపుతున్నాను. వాల్యూమ్ ఆగి ఆగి కదులుతోంది, మెనూ అసలు రావట్లేదు. రిమోట్ వాడేది ఎన్ఈసీ ప్రోటోకాల్ (బటన్ కోడ్‌ని ఐఆర్ పల్సులుగా పంపే ఒక పద్ధతి), ఫ్రీక్వెన్సీ 38 కిలోహెర్ట్జ్. ఇంకా వేగంగా పంపాలా?

జవాబు 1:

వేగం పెంచితే లాభం లేదండీ. ఎన్ఈసీ రిమోట్‌లో బటన్ పట్టుకుంటే పూర్తి కోడ్ ఒక్కసారే వెళ్తుంది. ఆ తర్వాత ప్రతి 108 మిల్లీసెకన్లకి వెళ్లేది చిన్న రిపీట్ సంకేతం: 9 మిల్లీసెకన్ల పల్స్, 2.25 మిల్లీసెకన్ల ఖాళీ, చివర 560 మైక్రోసెకన్ల పల్స్. అంతే, అందులో బటన్ నంబర్ కూడా ఉండదు. మీరు ప్రతిసారీ పూర్తి కోడ్ పంపుతున్నారు కాబట్టి యాంప్లిఫయర్‌కి అది వేలు తీసి మళ్లీ నొక్కినట్టే. 5 సెకన్ల లెక్క ప్రతిసారీ మొదటికొస్తుంది. పైగా వైఫైలో ఒక ప్యాకెట్ ఆలస్యమైనా ఆ లయ చెడుతుంది. కాబట్టి టైమింగ్ బాధ్యత ఐటాచ్‌కే వదిలేయండి.

సెండ్‌ఐఆర్‌లో ఫ్రీక్వెన్సీ తర్వాత వచ్చే రెండు అంకెలు రిపీట్ (ఎన్నిసార్లు పంపాలో), ఆఫ్‌సెట్ (తిరిగి పంపేటప్పుడు ఎన్నో అంకె నుంచి మొదలుపెట్టాలో). పల్సుల వరుస ఇలా కట్టండి (ప్రతి అంకె ఒక పల్స్ లేదా ఖాళీ పొడవు, 38 కిలోహెర్ట్జ్ తరంగం ఆవృత్తుల లెక్కలో): ముందు 342,171. తర్వాత 32 బిట్లు, సున్నాకి 21,21, ఒకటికి 21,64. ముగింపు 21,1520. ఇక్కడికి 68 అంకెలు. వెనకే రిపీట్ భాగం: 342,85,21,3655. ఆఫ్‌సెట్ 69 ఇస్తే మొదటి 68 ఒక్కసారే వెళ్లి, చివరి నాలుగే తిరుగుతాయి. రిపీట్ 48 పెడితే 5 సెకన్లు దాటుతుంది. గరిష్ఠం 50 కాబట్టి మీ మెనూకి ఒకే కమాండ్ చాలు.

జవాబు 2:

పై జవాబు ఎన్ఈసీకి సరిగ్గా సరిపోతుంది. ఇదే పద్ధతి వేరే పరికరాలకి వాడబోయేవాళ్లకి ఒక మాట. సోనీ కోడ్‌లలో ప్రత్యేక రిపీట్ సంకేతం ఉండదు, పూర్తి ఫ్రేమే 45 మిల్లీసెకన్లకోసారి వెళ్తుంది. అక్కడ ఆఫ్‌సెట్ 1. ఆర్‌సీ5 (మరో రిమోట్ ప్రోటోకాల్) అయితే కోడ్‌లో ఉండే టాగుల్ బిట్ చూసుకోవాలి. పట్టుకున్నంతసేపు అది మారదు, వేలు తీసి మళ్లీ నొక్కితేనే మారుతుంది. ఒకే కోడ్ దాచుకుని వాడితే, విడివిడిగా రెండుసార్లు నొక్కినా కొన్ని పరికరాలు ఒకటే అనుకుంటాయి. టాగుల్ బిట్ 0 ఉన్నదీ, 1 ఉన్నదీ రెండు రకాలూ దాచుకుని మార్చి మార్చి పంపండి.

ప్రశ్న అడిగినవారు:

మెనూ తెరుచుకుంది! చాలా థాంక్సండీ. మరి వాల్యూమ్ బటన్ అమ్మ ఎంతసేపు పట్టుకుంటుందో ముందే తెలీదు కదా? రిపీట్ 50 పెట్టి, వేలు తీయగానే స్టాప్‌ఐఆర్ (పంపడం ఆపమనే కమాండ్) పంపితే సరిపోతుందా?

జవాబు 1:

వాల్యూమ్‌కి అలా మాత్రం చేయకండి. టాబ్లెట్ వైఫై సరిగ్గా ఆ క్షణంలో తెగితే స్టాప్‌ఐఆర్ చేరదు, యాంప్లిఫయర్ ఐదు సెకన్లపాటు పెరుగుతూనే పోతుంది. గదిలో అమ్మగారుంటారు, స్పీకర్లకీ మంచిది కాదు.

రిపీట్ 5 పెట్టండి. అంటే దాదాపు అర సెకను. వేలు బటన్ మీదే ఉంటే ప్రతి 300 మిల్లీసెకన్లకి అదే కమాండ్‌ని ఒక్క అక్షరం మార్చకుండా, ఐడీ (కమాండ్‌లో ఉండే గుర్తింపు సంఖ్య) కూడా అదే ఉంచి, మళ్లీ పంపండి. మొదటిది నడుస్తుండగా అచ్చం అదే కమాండ్ వస్తే ఐటాచ్ కొత్తగా మొదలుపెట్టదు, రిపీట్ లెక్కని మాత్రం పొడిగిస్తుంది. ప్యాకెట్ కాస్త అటూ ఇటూ అయినా మధ్యలో తెగదు. వేలు తీస్తే స్టాప్‌ఐఆర్ ఎలాగూ పంపండి, అది చేరకపోయినా అర సెకనులో దానంతటదే ఆగుతుంది. వేలు బటన్ మీంచి పక్కకి జారినప్పుడూ, యాప్ వెనక్కి వెళ్లినప్పుడూ కూడా వేలు తీసినట్టే లెక్కపెట్టండి. వేళ్ల నొప్పులున్నవాళ్లకి జారడం మామూలే.