వీరనారి సన్మానం: వేదిక మీదికి తల్లినా, భార్యనా?

గూడెం_మాస్టారు: సరిహద్దులో ప్రాణం పోగొట్టుకున్న మా ఊరి కుర్రాడికి విగ్రహం పెట్టాం. ఆగస్టు 15న శాలువా ఎవరికి కప్పాలన్నదే గొడవ. సగం ఊరు తల్లికంటోంది, సగం భార్యకంటోంది. మీరేమంటారు?

మాజీ_హవల్దార్: ఇందులో గొడవేముంది మాస్టారూ? సైన్యం వీరనారి అని పిలిచేది భార్యనే. యుద్ధంలో పోతే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్, అంటే ఆఖరి జీతం మొత్తం, ముందు ఆమెకే వస్తుంది. మామూలు ఫ్యామిలీ పెన్షన్ 30 శాతమే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ సైన్యంలోకి వెళ్తున్న మిలిటరీ మాధవరం మీ పక్కనే కదా, అక్కడ ఎవరినైనా అడగండి.

లంక_అన్నయ్య: అదే అన్యాయం. మా తమ్ముడు పోయి ఏడేళ్లు. ఆరో నెలకే మరదలు పుట్టింటికి వెళ్లిపోయింది. కొబ్బరి దింపు డబ్బుతో అమ్మకు బీపీ మందులు కొంటున్నది నేను.

కాలవగట్టు: తల్లికే కప్పాలి.

మాజీ_హవల్దార్: ఇన్సూరెన్స్ డబ్బు సైనికుడు ఎవరి పేరు రాస్తే వాళ్లకే వెళ్తుంది బాబూ. శౌర్య పతకం అలవెన్సు సంగతి చూడండి. భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే, మరిదినో బావగారినో చేసుకుంటేనే అది ఆగకుండా వచ్చేది. ఆ షరతు 2017 నవంబరులో తీసేశారు.

లంక_అన్నయ్య: నేను పెన్షన్ అంటే మీరు పతకం అంటారేంటి? నా ప్రశ్నకు జవాబు చెప్పండి.

నరసాపురం_అమ్మాయి: మా మేనత్త భర్త 1971 యుద్ధంలో పోయారు. ఆగస్టు 15కి బళ్లో కుర్చీ వేసి దండ వేసేవారట. అదే వారంలో వరలక్ష్మీ వ్రతం వస్తే మాత్రం ఏ ఇంటి నుంచీ పిలుపు లేదు. వాయనాలకు శనగలు నానబెట్టి, పొట్లాలు కట్టేది అత్తే. ముత్తైదువలు వచ్చేసరికి పెరటి గుమ్మంలోంచి వెళ్లిపోయేది. శాలువా ఎవరికని కొట్టుకుంటున్నారు, ఆ గుమ్మం సంగతి మాట్లాడరేం?

గూడెం_మాస్టారు: అమ్మా, ఇక్కడ విషయం సన్మానం.

లంక_అన్నయ్య: మా మరదలికి ఆ ఇబ్బందేం లేదు. బొట్టు పెట్టుకుని పెళ్లిళ్లకు తిరుగుతోంది!

మాజీ_హవల్దార్: ఇప్పుడు బయటపడింది. ఇంతసేపూ పెన్షన్ అన్నారు, మీ కడుపుమంట ఆ బొట్టు మీద.

లంక_అన్నయ్య: అవును, మంటే! ఆమె మరిచిపోతే వాణ్ణి తలుచుకునేదెవరు?

నరసాపురం_అమ్మాయి: బొట్టు పెట్టుకుంటే మరిచిపోయినట్టా? అత్త చచ్చేదాకా పెట్టుకోలేదు. ఆవిడకు ఒరిగిందేంటి? అన్నయ్యగారూ, మీ మరదలు తనంతట తనే వెళ్లిందా?

లంక_అన్నయ్య: లేదు. కొడుకును మింగిందని అమ్మే పంపేసింది. నేనే బస్సెక్కించాను. అయినా వేదిక మీద అమ్మే ఉండాలి. ఆ మాట మార్చుకోను.