మెడ నిలిచిన బిడ్డను కారులో ముందుకు తిప్పవచ్చునా?

ప్రశ్న:
మా పాపకు 14 నెలలు, బరువు 10 కిలోలు. ఇప్పటివరకు కారులో వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీటులోనే కూర్చోబెడుతున్నాము. ఈమధ్య పాదాలు ఎదురుగా ఉన్న సీటు వీపుకు తగలడంతో కాళ్లు ముడుచుకుంటోంది. మెడ ఎప్పుడో నిలిచింది కనుక ఇక ముందుకు తిప్పవచ్చునని, దగ్గరి ప్రయాణాలకైతే ఒడి చాలునని పెద్దవారు అంటున్నారు. ఇది సరైనదేనా?

జవాబు 1:
మెడ నిలిచిందంటే తలను మోసే శక్తి కండరాలకు వచ్చిందని మాత్రమే అర్థం. కారు ఢీకొన్నప్పుడు అంతా సెకనులో పదో వంతు ముగిసిపోతుంది. కండరాలు బిగుసుకునే వ్యవధి కూడా ఉండదు. అప్పుడు తట్టుకోవలసినవి ఎముకలు, వాటిని కలిపి ఉంచే లిగమెంట్లు. పసిపిల్లల మెడపూసలు ఒక్కొక్కటీ మృదులాస్థితో అతికిన ముక్కలుగా ఉంటాయి, అవి ఒకే ఎముకగా కలిసేది సుమారు 3 నుంచి 6 ఏళ్ల మధ్యలోనే. తల చూస్తే, పుట్టినప్పుడు ఒంటి పొడవులో నాలుగో వంతు ఉంటుంది. పెద్దవారిలో అది ఏడెనిమిదో వంతే. ముందుకు చూస్తున్న బిడ్డ మొండేన్ని పట్టీలు ఆపినా తలను ఆపేది ఏదీ లేనందున, ఆ బరువంతా మెడను లాగుతుంది. నవజాత శిశువు వెన్నెముక సుమారు 5 సెంటీమీటర్ల వరకు సాగగలదనీ, లోపలి వెన్నుపాము మాత్రం 6 మిల్లీమీటర్లు సాగేసరికే తెగిపోతుందనీ వైద్యగ్రంథాలు చెబుతాయి. అందుకే పిల్లల్లో ఎక్స్‌రేలో ఎముక చెక్కుచెదరకుండా కనిపించినా వెన్నుపాము దెబ్బతిని ఉండవచ్చు. కారు ఎదురుగా గుద్దుకున్నప్పుడు, వెనక్కి తిరిగి కూర్చున్న బిడ్డ తల, మెడ, వీపు మూడింటినీ సీటు చిప్ప ఒకేసారి పట్టుకుంటుంది.

జవాబు 2:
ఒడి సంగతి లెక్క వేసి చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగం 60 సెంటీమీటర్ల దూరంలో ఆగిపోతే, ఆపే బలం గురుత్వాకర్షణకు సుమారు 16 రెట్లు. అంటే మీ పాపను పట్టుకున్న చేతులు 160 కిలోలు మోయాలి. దూరం దగ్గరైనంత మాత్రాన ఈ లెక్క మారదు.

ప్రశ్న అడిగినవారు:
వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. మరి కాళ్ల మాట?

జవాబు 1:
కాళ్లు ముడుచుకోవడం చూసేవారికి ఇబ్బందిగా తోస్తుంది గాని, పిల్లల కీళ్లకు అది సహజమైన భంగిమే. పిల్లల కారు సీట్లకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి 129వ నిబంధన 15 నెలలు నిండేవరకు ముందుకు తిప్పరాదంటుంది. అది కనీస హద్దు మాత్రమే. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2018లో వయసు హద్దును తీసివేసి, ఆ సీటుకు తయారీదారు చెప్పిన గరిష్ఠ ఎత్తు, బరువు వచ్చేవరకు వెనక్కే ఉంచమని సూచించింది. కనుక పాదాలను కాదు, తల సీటు పైఅంచుకు ఎంత దగ్గరవుతోందో గమనించండి.