వెల్డర్ ట్రేడ్ చేసిన తమ్ముడిని కార్ల ఫ్యాక్టరీకి పంపొచ్చా? అంతా రోబోలేనట కదా

మహేంద్రతనయ:
మాది పర్లాకిమిడి. తమ్ముడు బరంపురం ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ పూర్తి చేశాడు, చెన్నై దగ్గర కార్ల ఫ్యాక్టరీ నుంచి అప్రెంటిస్‌గా రమ్మని కాగితం వచ్చింది. అక్కడ వెల్డింగంతా రోబోలే చేస్తాయట, వీడు వెళ్లి ఏం చేస్తాడని నాన్నకు ఒకటే టెన్షన్. వాడూ రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు. అక్కడ పని చేసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

గుణుపురం అన్న:
నాన్నగారు అన్నది సగం నిజం. నేను ఆరేళ్లు బాడీ షాపులో, అంటే రేకులు అతికి కారు బాడీ కట్టే చోట చేశాను. ఒక కారు బాడీకి స్పాట్లు, అంటే రేకుల్ని అతికే చుక్క వెల్డింగులు, వేలల్లో పడతాయి, దాదాపు అన్నీ రోబోలే కొడతాయి, ఆ వెల్డింగ్ గన్ను బరువుకీ నిప్పురవ్వలకీ మనిషి షిఫ్టంతా నిలబడలేడు కాబట్టి ఆ పని పోయిందని నాకేం బాధ లేదు. కానీ గన్ను చివర రాగి టిప్ కొట్టగా కొట్టగా పుట్టగొడుగులా పరుచుకుంటుంది, అప్పుడు స్పాట్ సరిగ్గా పట్టదు. రెండు రేకుల మధ్య ఉలి పెట్టి సుత్తితో కొట్టి అతుకు పట్టిందో లేదో మేమే చూసేవాళ్లం, చప్పుడుని బట్టే నాకు తెలిసిపోయేది.

ఫైనల్ అసెంబ్లీకి వెళ్తే జనమే జనం. వైరింగ్ హార్నెస్, అంటే కారు వైర్ల కట్ట, మెత్తగా వేలాడుతూ ఒక్కోసారి ఒక్కోలా మెలికపడుతుంది, దాన్ని డాష్‌బోర్డు వెనక దూర్చి కనెక్టర్ టక్కుమనేదాకా నొక్కడం ఇప్పటికీ చేతుల పనే.

తమ్ముణ్ణి పంపండి. రోబో ఎక్కడ తప్పు కొడుతోందో వెల్డింగ్ తెలిసినవాడే పట్టగలడు. టీచ్ పెండెంట్, అంటే రోబోకి పని నేర్పే చేతి రిమోట్, నేర్చుకోమనండి.

జయపురం మాస్టారు:
రోబో నిన్న మొన్న వచ్చింది కాదు బాబూ. 1961లోనే జనరల్ మోటార్స్ న్యూజెర్సీలో యూనిమేట్ అనే రోబోని పెట్టింది, అచ్చుల్లోంచి కాలే లోహపు భాగాలు తీయడానికి. 2018లో టెస్లాలో ఆటోమేషన్ మితిమీరడం తన తప్పేనని మస్క్ స్వయంగా ఒప్పుకున్నాడు. నాకు రోబో కంటే ఆ కాగితమే భయం. నా దగ్గర చదివిన పిల్లల్ని ఒకచోట గడువు అవగానే పంపేసి కొత్త బ్యాచ్‌ని తీసుకున్నారు. ఎన్ని నెలలు, తర్వాత ఏమిటి, అడిగాకే సంతకం.

మహేంద్రతనయ:
ఇప్పుడే తీసి చూశాను మాస్టారూ. ఏడాది అని ఉంది, తర్వాత సంగతి ఒక్క ముక్క లేదు. రేపే ఫోన్ చేస్తాను. అన్నా, పెండెంట్ ఎవరు నేర్పుతారు?

గుణుపురం అన్న:
మెయింటెనెన్స్ వాళ్లు. లైన్ ఆగినప్పుడల్లా వెళ్లి వాళ్ల పక్కన నిలబడమను, నేనూ అలాగే నేర్చుకున్నాను.