4 శాతం 5 శాతానికి చేరితే ఇంగ్లీషులో ఏమని రాయాలి?

రుషికొండ ఉద్యోగి: మా నెలవారీ నివేదికలో తిరస్కరణల రేటు 4 శాతం నుంచి 5 శాతానికి చేరిందని చెప్పడానికి నేను "ఇంక్రీజ్డ్ బై వన్ పర్సెంట్" అని రాస్తే, పై అధికారి అందరి ముందూ నా ఇంగ్లీషును ఎత్తిచూపారు. విషయం అర్థమయ్యాక ఇంత పట్టింపు అవసరమా?

ద్వారకానగర్ మాస్టారు: అవసరమేనండి. 4లో ఒక శాతమంటే 0.04 కనుక, మీ వాక్యం ప్రకారం ఆ రేటు 4.04 శాతం కావాలి. జరిగినది ఒక పర్సంటేజ్ పాయింటు పెరుగుదల, అంటే రెండు శాతాల మధ్య నేరుగా తీసిన తేడా. పాత రేటుతో పోలిస్తే అది 25 శాతం. "5 శాతం పెరిగింది", "5 శాతానికి పెరిగింది" అన్నవాటి తేడా తెలుగులో మనకు ఎవరూ నేర్పలేదు కదా, ఆ "కి" చేసే పనినే అక్కడ "టు" చేస్తుంది.

గాజువాక పాఠకుడు: ముందు ప్రతి మార్పునూ "డ్రాస్టిక్" అనడం మాన్పించండి.

హార్బర్ లెక్కలు: నేను ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం వల్ల మరపడవలు కదలవు కనుక ఐసు అడిగేవారు తగ్గిపోతారు. కొత్తగా వచ్చిన మేనేజరు మే నెలను మార్చితో పోల్చి, "సేల్స్ డ్రాప్డ్ షార్ప్‌లీ" అని తప్పులేని ఇంగ్లీషులో రాసి, నేరం మా మీద మోపారు. పోల్చవలసింది నిరుటి మే నెలతో కాదా?

ద్వారకానగర్ మాస్టారు: అది వేరే సంగతి. ఇక్కడి ప్రశ్న "బై" గురించి.

రుషికొండ ఉద్యోగి: మీకు "బై" తప్ప మరేదీ కనబడదా మాస్టారూ? అదే సమావేశంలో ఇంకొకరు చూపిన బార్ గ్రాఫులో నిలువు అక్షం సున్నా నుంచి కాక 3.5 నుంచి మొదలైంది. అందువల్ల 5 శాతం పట్టీ 4 శాతం పట్టీకి మూడింతలు ఎత్తుగా కనబడింది. ఆయన కాన్వెంటులో చదివారు కనుక ఎవరూ నోరెత్తలేదు. తెలుగు మాధ్యమంలో చదివిన నేను మాత్రం దొరికిపోయాను. నా బాధ వ్యాకరణం గురించి కాదు.

ద్వారకానగర్ మాస్టారు: ఆ సంగతి మొదటే చెప్పి ఉండవలసింది. మీకు జరిగినది అన్యాయమేనని ఒప్పుకుంటాను, మీ వాక్యం సరైనదని మాత్రం ఒప్పుకోను.

హార్బర్ లెక్కలు: అయితే మా మే నెలకు ఒక వాక్యం రాసిపెట్టండి.

ద్వారకానగర్ మాస్టారు: "ఐస్ సేల్స్ ఫెల్ డ్యూరింగ్ ద ఫిషింగ్ బ్యాన్, యాజ్ దే డు ఎవ్రీ ఇయర్."

రుషికొండ ఉద్యోగి: ఎంత తగ్గాయో ఇందులో లేదేమండీ?