అమెరికా గూడ్స్ రైల్వే కంపెనీలు ప్రభుత్వానికి వారం వారం లెక్క చెప్పాలా?

దాణా_సరఫరా (కాలిఫోర్నియా)

అమెరికాలో ఏడాదికి సుమారు 100 కోట్ల డాలర్లు దాటి ఆదాయం ఉన్న రైల్వే కంపెనీలను క్లాస్ వన్ అంటారు. ఇప్పుడు ఉన్నవి ఆరే: బీఎన్ఎస్ఎఫ్, యూనియన్ పసిఫిక్, సీఎస్ఎక్స్, నార్ఫోక్ సదరన్, సీఎన్, సీపీకేసీ. రైళ్ల సగటు వేగం ఎంత, పెద్ద యార్డుల్లో వ్యాగన్లు ఎన్ని గంటలు ఆగుతున్నాయి, క్రూ లేకనో ఇంజిన్ లేకనో దారిలో నిలిచిన రైళ్లు ఎన్ని అన్నవి ఇవి వారం వారం సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డుకు (రైల్వేల రేట్లు, సర్వీసు చూసే ఫెడరల్ సంస్థ) చెప్పాలి. 2017 నుంచి ఇది శాశ్వత నియమం.

ఇదంతా అదనపు భారమని కంపెనీల వాదన. నేనైతే ఇంకొకటి కూడా అడగాలంటాను. యార్డు నుంచి కస్టమర్ గేటు దాకా బండి చెప్పిన టైముకు వచ్చిందా లేదా అన్నది కూడా శాశ్వతంగా రిపోర్టు చేయించాలి. మీరేమంటారు?

ఫోర్ట్‌వర్త్_ట్రాక్

రైల్వే డేటా పనిలోనే ఉన్నాను కాబట్టి అటువైపు మాట కూడా చెబుతాను. 1980 ముందు ప్రభుత్వం రేట్ల దగ్గర్నుంచి లైను మూసివేత దాకా అన్నిట్లో చెయ్యి పెట్టేది. పెన్ సెంట్రల్ అనే పెద్ద రైల్వే కంపెనీ 1970లో దివాలా తీసింది. 1980లో స్టాగర్స్ చట్టం వచ్చి పగ్గాలు వదిలాకే ఈ రంగం కోలుకుంది. ఈ కంపెనీలు ట్రాకు సొంత డబ్బుతో వేసుకుంటాయి. ప్రభుత్వ రోడ్ల మీద తిరిగే లారీ కంపెనీలను ఇలాంటి వారపు లెక్కలు ఎవరూ అడగరు.

పైగా సగటు అంకెను బయటివాళ్లు తప్పుగా చదువుతారు. మంచు తుఫాను వల్లా, కస్టమరే వ్యాగన్లు దించుకోకపోవడం వల్లా యార్డులో గంటలు పెరుగుతాయి. అదంతా రైల్వే ఖాతాలోనే పడుతుంది.

ఫార్గో_ధాన్యం

2013-14 చలికాలం గురించి ఎవరూ చెప్పలేదేం? నార్త్ డకోటాలో పంట బాగా వచ్చింది. అదే సమయంలో అక్కడి బాకెన్ క్షేత్రం చమురు కూడా రైలెక్కింది. చలి విపరీతం. ఎలివేటర్లు, అంటే ధాన్యం నిల్వ గోదాములు, నిండిపోయాయి, వ్యాగన్లు రాలేదు. వసంతంలో ఎరువు కూడా అందదేమోనని రైతులకు టెన్షన్. 2014 ఏప్రిల్‌లో బోర్డు బీఎన్ఎస్ఎఫ్‌నీ, కెనడియన్ పసిఫిక్‌నీ (ఇప్పటి సీపీకేసీలో భాగం) ఎరువు ఎలా చేరుస్తారో చెప్పమంది. జూన్‌లో ఆ రెండిటినీ ధాన్యం వ్యాగన్ల బకాయి, అంటే అడిగినా ఇంకా ఇవ్వని వ్యాగన్ల సంఖ్య, వారం వారం చూపమంది. అక్టోబర్‌లో క్లాస్ వన్ కంపెనీలన్నిటినీ రిపోర్టులు ఇమ్మంది. అప్పటిదాకా ఎంత వెనకబడ్డారని అడిగితే ఎలివేటర్ వాళ్లకు దొరికే జవాబు "వస్తున్నాయి" అనే.

ఒహాయో_తెలుగు

ఈస్ట్ పాలస్తీన్‌లో 2023 ఫిబ్రవరిలో రసాయనాల బండి పట్టాలు తప్పింది కదా. ఈ లెక్కలు ముందే చూసి ఉంటే అది తెలిసేదా?

దాణా_సరఫరా

లేదండి, అది వేరు. ప్రమాదాల రిపోర్టులు రైల్వే భద్రత చూసే ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్‌కు వెళ్తాయి. మనం మాట్లాడుకునేది సరుకు టైముకు చేరడం గురించి.

ఫోర్ట్‌వర్త్ గారూ, లారీతో పోలిక ఇక్కడ నిలవదు. లారీవాడు రాకపోతే ఇంకో లారీని పిలుస్తాను. మా మిల్లు గేటుకు ఉన్నది ఒక్క కంపెనీ పట్టా. వేరే దారే లేని కస్టమర్‌కు ఆ కంపెనీ ఎలా నడుస్తోందో తెలియాలి.

2022 చూడండి. అంతకు ముందు ఆరేళ్లలో క్లాస్ వన్ కంపెనీలు 29 శాతం, అంటే సుమారు 45,000 మంది సిబ్బందిని తగ్గించుకున్నాయని అప్పటి బోర్డు ఛైర్మన్ మార్టిన్ ఓబర్‌మన్ చెప్పారు. ఏప్రిల్‌లో రెండు రోజులు విచారణ జరిగింది. మే నెలలో బీఎన్ఎస్ఎఫ్, సీఎస్ఎక్స్, నార్ఫోక్ సదరన్, యూనియన్ పసిఫిక్ కోలుకునే ప్లాన్లు ఇవ్వాలని ఆదేశం వచ్చింది. జూన్‌లో ఫాస్టర్ ఫామ్స్ అనే కోళ్ల కంపెనీకి మొక్కజొన్న అందక, కోళ్లకూ పాడి పశువులకూ దాణా ఆగే పరిస్థితి వచ్చి, బోర్డు యూనియన్ పసిఫిక్‌కు అత్యవసర ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది. ఫలానా చోటికి కొత్త వ్యాగన్లు తీసుకోం అని కంపెనీ ప్రకటించే ఎంబార్గోలు యూనియన్ పసిఫిక్‌లో 2017లో 27. 2022లో వెయ్యి దాటాయి. సగటు వేగం ఒక్కటే చూస్తే ఇది ఎక్కడ కనబడుతుంది?

అన్నిటికన్నా నాకు మింగుడుపడనిది డెమరేజ్. మా మిల్లు పక్క పట్టా మీద వ్యాగన్ గడువు దాటి ఆగితే బిల్లు వస్తుంది. ఏ వ్యాగన్ ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు ఖాళీ అయింది అన్నదంతా అందులో ఉంటుంది. మమ్మల్ని అంత వివరంగా లెక్కపెట్టగలిగిన సిస్టం యార్డు నుంచి మా గేటుకు వచ్చే వాళ్ల లోకల్ బండి చెప్పిన టైముకు వచ్చిందో లేదో లెక్కపెట్టలేదా? ఆ సమాచారం వాళ్ల దగ్గరే ఉంది. కొత్తగా పుట్టించేదేమీ లేదు.

ఫోర్ట్‌వర్త్_ట్రాక్

సమాచారం ఉందన్నది నిజమే. ఆరు కంపెనీల్లో ఆరు రకాలుగా ఉంది. ఒకరు రోజును లెక్కిస్తారు, ఒకరు గంటల విండోను, అంటే ఇన్ని గంటల మధ్య వస్తామన్న వ్యవధిని. సర్వీసు బాగోలేకపోతే కస్టమర్ సరుకును పోటీ రైల్వేకు అందించమనే 2024 ఏప్రిల్ నియమంలో బోర్డు దానికి ఒక కొలత పెట్టింది: అనుకున్న విండోల్లో 12 వారాల్లో కనీసం 85 శాతం అందాలని. 2025 జూలైలో సెవెంత్ సర్క్యూట్ ఫెడరల్ అప్పీల్ కోర్టు ఆ నియమాన్ని కొట్టేసింది. మళ్లీ మొదటికొచ్చాం. ముందు నిర్వచనం తేలాలి, తర్వాత గడువు పెట్టి అడగండి. ఐదేళ్లకోసారి ఏ అంకె పనికొస్తోందో చూసి, పనికిరానిది తీసేయాలి. ఒకసారి మొదలైన ఫారం ఎప్పటికీ ఆగదు, నా అసలు అభ్యంతరం అదే.

దాణా_సరఫరా

ఐదేళ్లకోసారి సమీక్షకు నాకూ అభ్యంతరం లేదు. కోర్టు విషయం మాత్రం స్పష్టంగా చెప్పుకోవాలి. అక్కడ గొడవ కంపెనీలను లెక్కలు అడగడం గురించి కాదు. కస్టమర్ సరుకును పోటీ రైల్వేకు అందించమని ఆదేశించే అధికారం దగ్గర బోర్డు చట్టం దాటిందని తీర్పు. కాబట్టి లెక్క అడిగే నియమాన్ని విడిగా తేవచ్చు.

తొందర ఎందుకంటే 2025 జూలైలోనే యూనియన్ పసిఫిక్, నార్ఫోక్ సదరన్ విలీనం ప్రకటించాయి, 8,500 కోట్ల డాలర్ల ఒప్పందం. యూనియన్ పసిఫిక్ 1996లో సదరన్ పసిఫిక్‌ను కలుపుకున్నాక హ్యూస్టన్ చుట్టూ రైళ్లు స్తంభించి, 1997 అక్టోబర్‌లో బోర్డు అత్యవసర ఆదేశం ఇచ్చింది. 2023లో కెనడియన్ పసిఫిక్, కాన్సస్ సిటీ సదరన్‌ల విలీనాన్ని ఒప్పుకున్నప్పుడు ఏడేళ్ల పర్యవేక్షణ పెట్టింది. ఈసారి విలీనానికి ముందున్న లోకల్ సర్వీసు లెక్క చేతిలో లేకపోతే, రేపు సర్వీసు పడిపోయిందని మేం ఫిర్యాదు చేసినప్పుడు బోర్డు దేనితో పోల్చి చూస్తుంది?

ఫార్గో_ధాన్యం

ధాన్యం వ్యాగన్ల బకాయి అంకెను మాత్రం ఏ సమీక్షలోనూ తీయకండి. విత్తే ముందు నేను చూసేది అదే.